గోడల తొడుగు, గృహస్థుల ఋణము

ఆత్మకూరునుండి మర్రిపాడు మీదుగా బద్వేలు పోవు దారి వెంబడి పల్లెలలో ఇల్లనగా ఇటుక, సిమెంటు, పైన స్లాబు. ఆ గోడకే నిప్పంటునేమో యను భయము గృహస్థునకు కలుగదు. కాని ఆ పల్లెలనుండియే హైదరాబాదు, బెంగుళూరు, లండను నగరములకు ఉద్యోగార్థమై తరలిన బిడ్డలు బ్యాంకు ఋణముతో కొనుచున్న ఫ్లాట్ల గోడలు వేరొక విధమైనవి గావున, ఇంగ్లండున ఫ్లాటు యజమానులకు సంభవించిన ఆపద మనవారికిని తెలియవలసియున్నది.

2017 జూన్ 14వ తేదీన, అర్ధరాత్రి దాటిన పిమ్మట, లండనులోని గ్రెన్‌ఫెల్ టవరను 24 అంతస్తుల భవనమున, నాలుగవ అంతస్తులోని యొక వంటయింటి ఫ్రిజ్జునుండి పుట్టిన మంట కిటికీగుండ బయటి గోడకు ప్రాకి, అటుపై అరగంట తిరుగకమున్నే శిఖరము నందుకొనెను. 72 మంది మరణించిరి. 1974లో కట్టిన ఆ కాంక్రీటు భవనమునకు 2016లో ముగిసిన మరమ్మతులలో తొడిగిన అల్యూమినియము పలకలే ఆ మంట వ్యాపించుటకు ప్రధాన కారణమని విచారణ సంఘము తేల్చెను. మన పట్టణములలో దుకాణములకు ఎలివేషన్ కొరకు బిగించు ఏసీపీ షీటు తునుక నొకదానిని అంచువైపునుండి చూచినచో విషయము బోధపడును: ఇరువైపుల మిక్కిలి పలుచని లోహపు రేకులు, నడుమ రెండు మూడు మిల్లీమీటర్ల పొర. ఆ పొర పాలిథిలీనైనచో వేడికి కరిగి, కారుచు, మండును. షీటుకును గోడకును నడుమ విడిచిన ఖాళీ, పొగగొట్టమువలె మంటను పైకి లాగును.

ఆ రాత్రి తరువాత దేశమంతట పరీక్షింపగా ఇట్టి తొడుగుగల భవనములు వందలకొలది బయటపడినవి. వానిని తీసి మార్చు వ్యయ మెవ్వరిది? ఇంగ్లండున ఫ్లాటు కొన్నవాడు సాధారణముగా నేలకు స్వామి గాడు. నిర్ణీత సంవత్సరముల కౌలుహక్కు మాత్రమే యతనిది. భూస్వామి మరమ్మతులు చేయించి ఆ ఖర్చును సర్వీసు ఛార్జిగా కౌలుదారులపై వేయవచ్చునని అనేక ఒప్పందములలో వ్రాసియుండుటచేత, పలకను తయారుచేసినవానికిని, బిగించినవానికిని, అనుమతించిన అధికారికిని పోని బిల్లు, ఆ పలక పేరైన నెరుగని గృహస్థునకు వచ్చెను. ఫ్లాటొక్కటికి వేలకొలది పౌండ్లు, తొడుగు తీయువరకు రేయింబవళ్లు భవనమంతట తిరుగు కాపలావారి జీతము, పెరిగిన బీమా. భద్రతాపత్రము లేనిదే బ్యాంకులు అప్పీయకుండుటచే అమ్ముకొని పోవుటకును వీలులేకపోయెను. ఏ గోడల నడుమ పిల్లలను నిద్రపుచ్చుటకు భయపడిరో, ఆ గోడలను మార్చుటకు తామే అప్పుచేయవలసివచ్చిన తల్లిదండ్రుల దురవస్థ ఏ న్యాయమునకును సమ్మతము గాదు.

ఆందోళనల ఫలితముగా 2022 ఏప్రిలులో వెలువడిన భవన భద్రతా చట్టము, 11 మీటర్లకు పైబడిన భవనములలో స్వయముగా నివసించు కౌలుదారులు తొడుగు మార్పిడికై యేమియు చెల్లింప నక్కరలేదనెను. పాత లోపములపై దావా వేయు గడువును ఆరేండ్లనుండి ముప్పదియేండ్లకు పెంచెను. పొట్టి భవనములవారి కీ రక్షణ లభింపలేదు.

మన దేశమున ఫ్లాటుతోపాటు నేలలో అవిభక్త వాటా సంక్రమించును. హక్కు పెద్దదే, దాని వెంట భారమును పెద్దదే: అచటి కౌలుదారునకు నిలదీయుటకు భూస్వామి యొకడైన నుండెను, ఇచట అసోసియేషన్ అనగా ఫ్లాట్ల వారే. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టము 14వ సెక్షను ప్రకారము, స్వాధీనమిచ్చిన నాటినుండి ఐదేండ్లలోగా తెలియజేసిన నిర్మాణలోపమును బిల్డరు 30 దినములలో ఉచితముగా సరిదిద్దవలెను; ఆ గడువు దాటినచో ఖర్చు సాధారణముగా అసోసియేషన్ ఉమ్మడి నిధియగు కార్పస్ ఫండుపైనే పడును. గోడలోపల దాగిన లోపమునకు ఐదేండ్లు మిక్కిలి తక్కువ యని నా దృఢాభిప్రాయము.

కావున ఫ్లాటు కొనదలచిన పాఠకులు బయటి షీటు నడుమ నున్నదేమని బిల్డరు నడిగి, నిప్పును నిరోధించు రకమని అగ్రిమెంటులో వ్రాయించుకొనవలెను. ఇదివరకే కొన్నవారు ఐదేండ్లు నిండకమునుపే ఇంజనీరుచే గోడలను పరీక్షింపజేసి, లోపమున్నచో వ్రాతపూర్వకముగా ఫిర్యాదు చేయవలెను.