కఫాన్ని ఆపకండి, దారి చూపండి

ఈ పూట నేను మాట్లాడబోయేది భోజనాల వేళ వినదగ్గ సంగతి కాదు. కంచం ముందున్నవాళ్ళు ఓ పది నిమిషాలు రేడియో తగ్గించుకున్నా నేనేమీ అనుకోను. కఫం గురించి చెబుతాను.

నేను ఇక్కడ ఇంగ్లండులో ఛాతీ జబ్బులవాళ్ళకి ఫిజియోథెరపీ చేయిస్తుంటాను. మనవాళ్ళెవరైనా వస్తే మొదట అడిగేది ఒకటే, "దగ్గు ఆగే మందేదైనా ఉందా అమ్మా?" అని. బ్రాంకియెక్టాసిస్ అనే జబ్బున్నవాళ్ళకి నేను చెప్పే జవాబు రుచించదు. తెమడతో వచ్చే ఆ దగ్గుని ఆపకూడదు. కోడీన్ లాంటివి కలిసిన సిరప్పు తాగి దగ్గు నొక్కేస్తే, బయటికి పోవలసింది లోపలే ఉండిపోతుంది.

జబ్బు పేరు నోరు తిరగనిదైనా సంగతి తేలికే. మన ఊపిరితిత్తుల్లో గాలిగొట్టాలు చెట్టుకొమ్మల్లా చీలుతూ సన్నబడుతూ పోతాయి. వాటి లోపలి గోడమీద పల్చటి జిగురుపొర ఉంటుంది. అందులో నూటికి తొంభై అయిదు పాళ్ళకి పైగా నీళ్ళే. దుమ్మూ క్రిములూ ఆ జిగురుకి అంటుకుంటే, కింద ఉన్న కంటికి కనపడని నూగు సెకనుకి పదిసార్లకి పైగా ఊగుతూ దాన్ని గొంతువైపు నెట్టేస్తుంది. మనకి తెలియకుండానే మింగేస్తాం. అంటే కఫం శత్రువు కాదు, ఇల్లు ఊడ్చే మనిషి.

ఈ జబ్బులో గొట్టాలు దెబ్బతిని, సాగిపోయి, వెడల్పైపోతాయి. నూగు పాడవుతుంది. కఫం కదలక నిలిచిపోతుంది. పూడిక పేరుకున్న పంటకాలువని చూసినవాళ్ళకి ఇంతకంటే వివరించనక్కర్లేదు. నిలిచిన చోట క్రిములు చేరతాయి, వాటిమీద ఒళ్ళు చేసే యుద్ధంలో గొట్టాలు ఇంకాస్త దెబ్బతింటాయి, మరింత కఫం నిలుస్తుంది. ఈ విషవలయాన్ని 1986లో లండన్ డాక్టరు పీటర్ కోల్ వర్ణించాడు. జబ్బుని మాత్రం స్టెతస్కోపు కనిపెట్టిన ఫ్రెంచి డాక్టరు లెనెక్ 1819లోనే గుర్తించాడు. సాగిన గొట్టాన్ని మళ్ళీ మామూలుగా చెయ్యలేం. పూడిక తీస్తూ ఉండటం మన చేతిలో ఉంది.

ఎందుకొస్తుందీ అంటే, చిన్నప్పటి న్యుమోనియా, కోరింత దగ్గు, రోగనిరోధక శక్తిలో లోపాలు, ఇలా చాలా కారణాలున్నాయి. ఎంత వెతికినా కారణం దొరకనివాళ్ళూ బోలెడుమంది. మనదేశంలో మాత్రం పాత టీబీదే పెద్ద పాత్ర. 2019లో వెలువడిన భారతదేశపు రోగుల వివరాల్లో 2,195 మందిలో 780 మందికి, అంటే నూటికి 35 మందికి పైగా, టీబీయే మూలకారణం. ఇక్కడే నాకు బాధ కలిగించే విషయం ఒకటుంది. పిల్లల దగ్గరికి వచ్చిన పెద్దవాళ్ళు టీబీ మాట బయటపెట్టరు. ముప్ఫయ్యేళ్ళ కిందట మందులు వాడిన సంగతి కొడుక్కే తెలియదు. మనవరాలి పెళ్ళి సంబంధాలకి అడ్డొస్తుందనో, కోడలు పసిబిడ్డని ఒళ్ళో పడుకోబెట్టదనో భయం. పూర్తిగా మందులు వాడి నయమైన టీబీ వదిలిన మచ్చ ఎవరికీ అంటుకోదు. అయితే మళ్ళీ జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం ఉంటే కొత్తగా పరీక్ష చేయించాలి. అందుకే డాక్టరుకి ఆ పాత సంగతి తెలిసి తీరాలి.

ఇక పూడిక తీసే పని. లండన్‌లోని బ్రాంప్టన్ ఆసుపత్రి ఫిజియోథెరపిస్టులు మెరుగుపరిచిన పద్ధతి ఒకటి ఇక్కడ ఎక్కువగా నేర్పుతాం. తిండి తిన్న వెంటనే కాకుండా, కుర్చీలో నిటారుగా కూర్చోండి. భుజాలు వదులుగా ఉంచి, పొట్ట మెల్లగా కదిలేలా ఓ నిమిషం మామూలు ఊపిరి. తర్వాత మూడు నాలుగు సార్లు పక్కటెముకలు విచ్చుకునేలా లోతుగా గాలి పీల్చి, మూడు సెకన్లు ఆపి, మెల్లగా వదలండి. ఆపిన ఆ మూడు సెకన్లలో గాలి పక్కదారుల్లోంచి కఫం వెనక్కి చేరుతుంది. తోసేది ఆ గాలే. మళ్ళీ మామూలు ఊపిరి. అప్పుడు నోరు గుండ్రంగా తెరిచి, కళ్ళజోడు అద్దం తుడవడానికి ఆవిరి పట్టిస్తామే, అలా "హా" అని ఊదండి, కాకపోతే కాస్త బలంగా, పొట్ట బిగించి. సగం ఊపిరితో పొడుగాటి "హా" లోపలి కఫాన్ని కదుపుతుంది. అది పైకి వచ్చాక, నిండు ఊపిరితో పొట్టి "హా" గొంతుదాకా తెస్తుంది. చివర్లో ఒక్క దగ్గు చాలు. ఒకటి రెండు "హా"లు కాగానే మళ్ళీ మామూలు ఊపిరికి రావాలి. వరసపెట్టి ఊదితే గొట్టాలు బిగుసుకుని ఆయాసం వస్తుంది. "హా" అన్నప్పుడు గరగర పోయి పొడిగా వినిపించేదాకా, పది నుంచి ముప్ఫై నిమిషాలు. రోజుకి ఒకటో రెండో సార్లు. ఒంట్లో బాగున్న రోజున కూడా. మానేసేది సరిగ్గా ఆ రోజునే!

"నేను రోజూ కపాలభాతి చేస్తానమ్మా, చాలదా?" అంటారు. చేసుకోండి, కానీ అది వేరు, ఇది వేరు. అక్కడ ముక్కుతో వరుసగా ఊదుతారు, ఇక్కడ గొంతు తెరుచుకుని ఉండాలి, మధ్యలో విశ్రాంతి ఉండాలి. ఇలా ఊదడం కష్టమైనవాళ్ళకి ఎకపెల్లా, ఫ్లట్టర్ లాంటి చేతి పరికరాలున్నాయి. ఊదితే గాలి అదురుతూ కఫాన్ని కదిలిస్తుంది. ఏది నప్పుతుందో ఫిజియో చూసి చెప్పాలి. మంచం కాళ్ళు ఎత్తి తలకిందులుగా పడుకోబెట్టే పాత పద్ధతి మాత్రం పులితేన్పులు, గుండెజబ్బు ఉన్నవాళ్ళు సొంతంగా చెయ్యకండి.

నెబ్యులైజరుతో పీల్చే గాఢమైన ఉప్పునీరు, కార్బోసిస్టీన్ మాత్రలు కొందరికి కఫం పల్చబరుస్తాయి. బ్రిటన్‌లో చేసిన పెద్ద పరిశోధన ఫలితాలు 2025లో వచ్చాయి. ఏడాదిలో జబ్బు తిరగబెట్టడాన్ని ఈ రెండూ చెప్పుకోదగ్గంతగా తగ్గించలేదట. అదే ఏడాది ఆగస్టులో అమెరికాలో బ్రెన్సోకాటిబ్ అనే మాత్రకి అనుమతి వచ్చింది. అది తిరగబెట్టడాన్ని తగ్గిస్తుంది. అయినా ఏ మందూ మీ బదులు "హా" అనదు. గొట్టాలు తెరిచే ఇన్హేలరు ఉంటే ఈ పనికి ముందు, పీల్చే యాంటీబయాటిక్ ఉంటే తర్వాత.

మన వంటింటి మాట కూడా చెప్పాలి. పాలు, పెరుగు కఫం చేస్తాయని మానేసి చిక్కిపోయేవాళ్ళని చూస్తుంటాను. పాలు ఉమ్మితో కలిసి గొంతులో చిక్కగా తోస్తాయి, అంతే. ఊపిరితిత్తుల్లో కఫం పెంచవు. పసుపు పాలు తాగితే నష్టం లేదు. గిన్నెలో మరిగే నీళ్ళ ఆవిరి ముక్కుకి హాయి, కానీ ఒలికి కాళ్ళు కాలినవాళ్ళున్నారు. చలికని కిటికీలన్నీ మూసి ఎండుమిరపకాయల తాలింపు వేస్తే మాత్రం ఆ ఘాటుకి ఇంట్లో జబ్బు మనిషి అల్లాడిపోతారు.

అసలు చిక్కు సిగ్గు. కోడలి ముందు ఉమ్మడమేమిటని మింగేస్తారు. మింగితే ప్రమాదమేం లేదు గానీ, రంగూ పరిమాణమూ ఎవరికీ తెలియవు. మూతున్న చిన్న ప్లాస్టిక్ కప్పు, కాగితపు రుమాళ్ళు, తలుపు వేసుకోవడానికో గది ఇవ్వండి. మామూలుకంటే ఎక్కువగా, చిక్కగా, పచ్చగా మారితే, ఆయాసమో జ్వరమో తోడైతే డాక్టరుకి చెప్పాలి. వీలైతే యాంటీబయాటిక్ మొదలెట్టక ముందే తెమడ పరీక్షకి ఇవ్వాలి. ఇక్కడ మామూలుగా పద్నాలుగు రోజులు రాస్తారు. నాలుగో రోజున బాగుందని ఆపకూడదు. రక్తపు చార కనిపిస్తే ఊదడం ఆపి అదే రోజు డాక్టరుని అడగండి. చెంచాలకొద్దీ రక్తం పడితే, ఊపిరాడకపోతే, ఆలస్యం చెయ్యకుండా 999. అమెరికాలో వింటున్నవాళ్ళకి 911.

ఊళ్ళోంచి అమ్మానాన్నలు వస్తుంటే పచ్చళ్ళ జాబితాతోపాటు ఇంకో మూడు చెప్పండి. పాత సి.టి. స్కాన్ రిపోర్టు, వాడిన టీబీ మందుల చీటీ, ఇప్పటి మందులు. ఇవి చేతిసంచీలోనే ఉండాలి, పెట్టెలో కాదు.