వ్రాతబల్ల మీది సిరా

పుస్తకములను, మంచి కలములను ప్రేమించువారి వ్రాతబల్లను చూచినచో దానిమీద కొన్ని వస్తువులు తప్పక కనిపించును. ఒక సిరాబుడ్డి, ఒకటి రెండు సిరా కలములు, అర్ధచంద్రాకారపు చెక్కపిడి అడుగున బిగించిన అద్దుడు కాగితము, కాగితములు ఎగిరిపోకుండ ఒక గాజు గుండు, ప్రక్కన ఒక దీపము. చూచుటకు ఇవి అలంకారములవలె ఉండును. కాని వీనిలో ప్రతిదానికిని ఒక పని కలదు. ఆ పని సరిగా జరుగనిచో నష్టపోవునది బల్ల కాదు, వ్రాత. తాతగారి దస్తావేజు తెరచి చూచినప్పుడు అక్షరములు వెలిసిపోయి ఉండుటయో, అక్షరములున్న చోటనే కాగితము చిల్లులు పడి ఉండుటయో చాలమంది ఎరిగినదే. ఇందుకు కారణమును ఈ బల్లమీదనే వెదకవలెను.

ముందుగా కలము సంగతి. నిండు గ్లాసును బోర్లించినచో నీరు పడిపోవును గదా! మరి సిరా నిండిన కలమును పాళీ క్రిందికి పెట్టి వ్రాయుచున్నను సిరా బొటబొట కారదేమి? పాళీని చేతిలోనికి తీసికొని చూడుడు. దాని మధ్య వెంట్రుకవంటి సన్నని చీలిక ఉండును. పాళీ క్రింద నాలుకవంటి నల్లని ముక్క ఒకటి ఉండును. దానిమీద సన్నని గాడులు ఉండును. ఇట్టి సన్నని సందులలో ద్రవము తనంతట తాను ప్రాకును, ప్రాకి అక్కడ నిలిచియుండును. ద్రవమునకును గోడకును గల ఆకర్షణ, ద్రవము యొక్క తలతన్యత కలిసి చేయు పని ఇది. సందు ఎంత సన్ననిదైన ద్రవము అంత ఎక్కువ ఎత్తునకు ప్రాకునని 1718లో జేమ్స్ జురిన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు చూపెను. 1 మిల్లీమీటరు వ్యాసము గల శుభ్రమైన గాజు గొట్టములో నీరు సుమారు 3 సెంటీమీటర్లు ఎక్కును; ఆ వ్యాసములో పదవ వంతు గొట్టములో సుమారు 30 సెంటీమీటర్లు ఎక్కును.

ఇది సగము కథ మాత్రమే. కలములో నుండి సిరా ఎంత దిగునో అంత గాలి లోపలికి పోవలెను. పోనిచో లోపల పీడనము తగ్గి సిరా ఆగిపోవును. ఎక్కువగా పోయినచో సిరా కారిపోవును. ఈ రెంటి మధ్య సమతూకము కుదురకపోవుటచేతనే పూర్వపు సిరా కలములు పేరుకు మాత్రమే కలములుగా ఉండెడివి. 1884లో అమెరికాలో లూయీ ఎడ్సన్ వాటర్మన్ పేటెంటు పొందిన కలములో నాలుకమీద సన్నని గాడులు ఉండి, సిరా దిగుటకును గాలి ఎక్కుటకును ఒకే చోట వీలు కల్పించెను. సిరా కారి ఒక ఒప్పందపు పత్రము పాడైనందుననే ఆయన ఈ పనికి పూనుకొనెనని ఒక కథ ప్రచారములో కలదు. కథ బాగున్నది గాని, దానికి గట్టి ఆధారమేదియు లేదు.

ఈ సమతూకము చెడు సందర్భమొకటి తెలుగువారికి బాగుగా తెలిసినది. రాజమహేంద్రవరములో 1930వ దశకమున కోసూరి వెంకటరత్నముగారు స్వదేశీ కలముల తయారీకి పూనుకొనిరి. ఆనాటినుండి ఆ ఊరు ఎబొనైటు కలములకు పేరు పొందినది. ఎబొనైటు అనగా చాల ఎక్కువ గంధకమును కలిపి గట్టిపరచిన రబ్బరు. ఈ కలములలో పెక్కింటికి లోపల వేరే గొట్టము ఉండదు. ఫిల్లరుతో సిరాను నేరుగా కలపు ఒడలిలోనికే పోయుదురు. సిరా పుష్కలముగా పట్టును. కాని సిరా చాలవరకు అయిపోయినప్పుడు, హఠాత్తుగా ఒక పెద్ద చుక్క కాగితముమీద పడును. పరీక్ష వ్రాయు విద్యార్థికి ఇది చిన్న ఆపద కాదు. దీనికి కారణము కలము లోపలి గాలి. చేతివేడికి గాలి వ్యాకోచించును. లోపల 2 మిల్లీలీటర్ల గాలి ఉన్నదనుకొందము. 25 డిగ్రీలనుండి 35 డిగ్రీల సెంటిగ్రేడుకు వేడెక్కినచో అది సుమారు 0.07 మిల్లీలీటరు పెరుగును. ఒక సిరాచుక్క సుమారు 0.05 మిల్లీలీటరు. అనగా పెరిగిన గాలి ఒక చుక్కకు పైగా సిరాను బయటకు నెట్టును! కలము నిండుగా ఉన్నప్పుడు లోపల గాలి తక్కువ కనుక ఈ బాధ ఉండదు. మూడు వంతులు అయిపోవుటకు ముందే మరల నింపుకొనుట దీనికి విరుగుడు. ఎబొనైటు వేడిని త్వరగా ప్రసరింపనీయదు. లోహపు కలముకంటె ఇది ఈ విషయమున మేలు. కాని ఈ పదార్థమునకు ఎండ పడదు. కిటికీ ప్రక్కన ఎండలో పెట్టిన నల్లని కలము కొంతకాలమునకు గోధుమరంగునకు తిరుగును.

ఇక సిరా. వ్రాత బ్రదుకుటయు చచ్చుటయు దీనిమీదనే ఆధారపడి యున్నది.

మన పూర్వులు తాటాకుమీద గంటముతో గీసి, ఆ గీతలలో మసి పూసిరి. మసి కేవలము కర్బనము. వెలుతురుకు గాని, గాలికి గాని అది మారదు. ఆకు ఉన్నంతకాలము అక్షరము నల్లగనే ఉండును. కాగితముమీద వ్రాతకు ఐరోపాలో అనేక శతాబ్దములు వాడుకలో ఉన్నది మరియొక సిరా. మాచికాయలను నలుగగొట్టి నీటిలో నానవేసి, అన్నభేది కలిపి, చిక్కదనమునకు తుమ్మబంక చేర్చెడివారు. మన ఇండ్లలో మాచికాయకు బదులు కరక్కాయను వాడిరి. రెంటిలోను ఉన్నది టానిన్ అను వగరు పదార్థము. అన్నభేదిలో ఇనుము ఉన్నది. ఈ రెండును కలిసినప్పుడు ఏర్పడు సమ్మేళనము మొదట పలుచని రంగుతో నీటిలో కరగియే ఉండును. అందుచేత కాగితపు పోగులలోనికి ఇంకిపోగలదు. ఇంకిన పిమ్మట గాలిలోని ఆమ్లజని సోకి ఇనుము మార్పు చెందును, సిరా నల్లబడును, నీటిలో కరగని పదార్థముగా మారి పోగులలోనే పాతుకొనును. కనుకనే అట్టి వ్రాతను తడిబట్టతో తుడిచినను పోదు.

వ్రాయునప్పుడు పాలిపోయి కనిపించు సిరాతో ఎవరికైనను వ్రాయబుద్ధి కాదు. అందువలన తయారీదారులు దానిలో కొంత నీలిరంగు కలిపిరి. వ్రాసినప్పుడు నీలము, తరువాత నలుపు. 'బ్లూబ్లాక్' అను పేరు ఇట్లు వచ్చినది. ఈనాడు ఆ పేరుతో అమ్ముడగు సిరాలు చాలవరకు వట్టి రంగునీళ్లే. వానిలో ఇనుము ఉండదు. కొనువారు సీసామీది పేరును కాక, లోని సరుకును చూచుకొనవలెను.

అయితే ఈ ఇనుపసిరాకు ఒక దోషము కలదు. అన్నభేది టానిన్‌తో కలియునప్పుడు గంధకికామ్లము విడుదలయగును. పూర్వము ఎవరికి తోచిన పాళ్లలో వారు కలిపెడివారు. అన్నభేది ఎక్కువైన సిరాలో ఆమ్లమును, మిగిలిపోయిన ఇనుమును కలిసి కాగితములోని సెల్యులోజును కొద్దికొద్దిగా కొరికివేయును. అక్షరము గోధుమరంగునకు తిరుగును, పిమ్మట ఉన్నచోటనే రాలిపోవును. జర్మన్ సంగీతకర్త బాఖ్ స్వహస్తముతో వ్రాసిన స్వరపత్రములు బెర్లిన్ గ్రంథాలయములో ఇట్లే శిథిలమైనవి. వానిని కాపాడుటకు ఒక్కొక్క కాగితమును మందములో రెండు పొరలుగా చీల్చి, నడుమ పలుచని గట్టి కాగితమునుంచి మరల అతికిరి! ఎంతటి ఓపిక కావలెనో ఊహింపవచ్చును. ఇతరచోట్ల కాల్షియం ఫైటేటు అను లవణపు ద్రావణములో కాగితమును ముంచి, మిగులు ఇనుమును కట్టివేయుట కూడ చేయుచున్నారు.

ఈనాటి కలపు సిరాలలో ఇనుము బహు స్వల్పము. భారతీయ ప్రమాణములలో కలములకు ఉద్దేశించిన ఇనుపసిరాకు నిర్ణయించిన ఇనుము పాలు నూటికి 0.1 మాత్రమే. అంత తక్కువ ఆమ్లము మంచి కాగితమును తినివేయదు. కాని మామూలు ఉక్కు పాళీని అది తినగలదు. బంగారు పాళీల ఉపయోగము ఇక్కడనే తెలియును. 14 కారెట్ల బంగారమనగా 24 భాగములలో 14 భాగములు బంగారము. సిరాలోని ఆమ్లము దానినేమియు చేయజాలదు. మెత్తనైన బంగారము కాగితమురాపిడికి అరుగకుండ మొనమీద ఇరిడియము, ఆస్మియము వంటి కఠిన లోహముల మిశ్రమమును చిన్న గుండుగా అతుకుదురు. తుప్పు పట్టని ఉక్కు పాళీ కూడ ఈ పనికి చాలును. ధనవంతుల బల్లయే కావలెనన్న నియమము లేదు. కలమును నెలకొకసారి చన్నీటితో కడుగుట మాత్రము మరువరాదు.

రంగుసిరాల కథ వేరు. 1856లో ఇంగ్లండులో విలియం పెర్కిన్ తారునుండి లభించిన పదార్థముతో ఊదారంగు తయారుచేసిన పిమ్మట కృత్రిమవర్ణములు వెల్లువగా వచ్చినవి. వానితో చేసిన సిరాలు తేజస్సు గలవి, పాళీకి హాని చేయనివి. కాని వానిలో పెక్కు నీరు తగిలినచో పారిపోవును, వెలుతురులో వెలిసిపోవును. ఉత్తరములకు, పాఠములకు అవి చాలును. దస్తావేజునకు గాని, తరువాతి తరమువారు చదువవలసిన దినచర్యకు గాని అవి తగవు.

అద్దుడు కాగితమును కనిపెట్టినవారెవరైనను, దానిలో విశేషము కలిపిన పదార్థములో కాక, కలుపక విడిచిన పదార్థములో ఉన్నది. వ్రాతకాగితమునకు సిరా పాకకుండుటకై జిగురు పట్టింతురు. పూర్వము జంతుచర్మములనుండి తీసిన జిగురు వాడిరి. 1807లో జర్మనీకి చెందిన ఇల్లిగ్ గుగ్గిలమును పటికను వాడు పద్ధతిని ప్రకటించెను. అద్దుడు కాగితమునకు ఈ జిగురు పట్టింపరు. పోగుల నడుమ లెక్కలేనన్ని సందులు తెరుచుకొని ఉండును. ఒక్కొక్క సందును ఒక కేశనాళికయే. పాళీ చీలిక ఏ న్యాయమున సిరాను నిలుపుకొన్నదో, ఆ న్యాయముననే ఇది సిరాను పీల్చుకొనును. ఈ పీల్పునకు ఒక లెక్క కలదు: ద్రవము రెట్టింపు దూరము ప్రాకుటకు నాలుగు రెట్ల కాలము పట్టును. 1918లో లూకాస్, 1921లో వాష్‌బర్న్ ఈ సంబంధమును తెలిపిరి. అనగా మొదటి క్షణములోనే పని చాలవరకు జరుగును. అద్దుటకు ఒక్క తాకిడి చాలును. రుద్దినచో అక్షరము అలుకుకొనిపోవును.

ఇనుపసిరాతో వ్రాయువారికి ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. వ్రాసిన వెంటనే అద్దినచో, పోగులలో ఇంకవలసిన సిరా అద్దుడు కాగితములోనికి పోవును. వ్రాత పలుచనై, శాశ్వతత్వము తగ్గిపోవును. ముఖ్యమైన సంతకమును దానంతటదియే ఆరనిచ్చుట మంచిది.

సిరాబుడ్డి మూతను గూర్చి ఒక మాట. తెరచి ఉంచినచో నీరు ఆవిరియై సిరా చిక్కబడును, గాడులలో అడ్డుపడును. తడిగాలికి బూజు కూడ పట్టవచ్చును.

గాజు గుండు అర్ధగోళాకారముగా ఉండి, చదునైన ముఖము కాగితమునకు ఆనియున్నచో, బరువుగా నుండుటయే కాక చదువుటకును పనికివచ్చును. అక్షరము గోళకేంద్రమున ఉండుటచే దానినుండి బయలుదేరు కిరణములు వక్రతలమును లంబముగా దాటును. అక్షరము ఉన్నచోటనే, గాజు వక్రీభవన గుణకమునకు సమానమైన రెట్లు, అనగా సుమారు ఒకటిన్నర రెట్లు పెద్దదిగా కనిపించును. చత్వారము వచ్చిన ఉపాధ్యాయులకు ఇది చౌకయైన సహాయము. దీపమును కుడిచేతితో వ్రాయువారు ఎడమప్రక్కన ఉంచుకొనినచో చేతినీడ వ్రాతమీద పడదు. చిన్న దీపమును సగము దూరమునకు జరిపినచో వెలుతురు నాలుగు రెట్లగును గనుక, పెద్ద దీపము కొనుటకు ముందు ఉన్న దీపమును దగ్గరకు జరిపి చూడవచ్చును.

పాఠశాలలో చేయదగిన ప్రయోగమొకటి కలదు. నాలుగైదు కరక్కాయల పెచ్చులను నలుగగొట్టి, ఒక గ్లాసు నీటిలో కాచి వడకట్టుడు. దానిలో చిటికెడు అన్నభేది వేసి కలిపినచో, చూచుచుండగనే ద్రవము నల్లబడును. దీనిని మంచి కలములో పోయక, పుల్లకలముతో వ్రాయవలెను. అదే కాగితముమీద బజారులో కొన్న నీలిసిరాతో మరియొక పంక్తి వ్రాయుడు. మరునాడు కాగితమును మూడు ముక్కలు చేసి, ఒక ముక్కను నీటిలో ముంచి, రెండవదానిని ఎండ తగులు కిటికీకి అంటించి, మూడవదానిని పుస్తకములో దాచుడు. నెల గడచిన పిమ్మట మూడు ముక్కలను ప్రక్కప్రక్కన పెట్టి, ఏ పంక్తి ఎక్కడ నిలిచినదో విద్యార్థులచేతనే వ్రాయింపవలెను. ఏ సిరాతో వ్రాయుదురో వారి ఇష్టము.