ఆరు నిమిషముల వెల

కీసరగుట్టపై రామలింగేశ్వరస్వామి దర్శనము చేసికొని, ప్రసాదము మూట కట్టుకొని, ఒక కుటుంబము కారులో ఔటర్ రింగు రోడ్డు ఎక్కినదనుకొందము. ఇంకను 60 కిలోమీటర్ల ప్రయాణమున్నది. తండ్రికి త్వరగా ఇల్లు చేరవలెనని తొందర. తల్లికి అందరును క్షేమముగా చేరవలెనని చింత. ఇరువురి కోరికయు న్యాయమైనదే. రెండును ఒక్కసారి పూర్తిగా తీరునా?

లెక్క వేసి చూతము. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోయినచో గంట పట్టును. వేగము 80 అయినచో 45 నిమిషములు. 100 అయినచో 36. 120 అయినచో 30. అనగా, వేగమును ఇరువదేసి కిలోమీటర్లు పెంచుకొనుచు పోయినచో మిగులు కాలము మొదట 15 నిమిషములు, పిదప 9, చివరకు 6 మాత్రమే. కాని ఢీకొన్నప్పుడు దెబ్బ తీయు శక్తి వేగము యొక్క వర్గమును బట్టి పెరుగును. 100 నుండి 120కి పోయినచో వేగము పెరిగినది అయిదవ వంతే. ఆ శక్తి మాత్రము నూటికి 44 వంతులు హెచ్చును. బ్రేకు నొక్కిన పిదప బండి ఆగుటకు పట్టు దూరమును అంతే. లాభము మెట్టుమెట్టునకు తరుగుచుండగా వెల పెరుగుచున్నది.

158 కిలోమీటర్ల ఈ రోడ్డుపై గరిష్ఠ వేగమును 2023లో 100 నుండి 120కి పెంచిరి. అది తప్పని మేమనము. రోడ్డు అంత వేగమునకు తగినట్లు కట్టినదే. అయితే గరిష్ఠ వేగమును చేరి తీరవలసిన గమ్యముగా భావించువారు చాలమంది కలరు. మా కార్యాలయములోను అట్టి మిత్రులు లేకపోలేదు.

ఇటాలియను అర్థశాస్త్రవేత్త పరేటో (1848–1923) పేరిట ఒక విధానము కలదు. ఒక కోరికను కొంత వదలుకొననిదే రెండవది మెరుగుపడని ఏర్పాట్లను మాత్రము నిలుపుకొని, తక్కినవానిని త్రోసివేయుదురు. సీటుబెల్టు పెట్టుకొనకపోవుట, అరిగిన టైర్లతో బయలుదేరుట ఇట్లు త్రోసివేయదగినవి. వాని వలన ఒక్క నిమిషమును కలసిరాదు, ప్రమాదము మాత్రము పెరుగును. ఇక మిగిలిన వేగములలో ఏది మేలన్నది గణితము చెప్పజాలదు. రోగిని ఆసుపత్రికి చేర్చునాడు 6 నిమిషముల విలువ వేరు, ప్రసాదముతో ఇంటికి మరలునాడు వేరు.

బయలుదేరక మునుపే దంపతులు కూడబలుకుకొని '90 దాటరాదు' అని హద్దు పెట్టుకొనవచ్చును. అప్పుడు పట్టునది 40 నిమిషములు. 120తో పోల్చినచో 10 నిమిషములు ఆలస్యము. దెబ్బ తీయు శక్తి సగమునకు కొంచెము పైన. ఆ పది నిమిషములును పిల్లలు వెనుక సీటులో నిద్రపోవుచునే యుందురు.