తెర నల్లబడినప్పుడు

మా కేంద్రములో అనౌన్సరు కూర్చుండు గదిలో ఒక కంప్యూటరు మానిటరు ఉన్నది. తరువాత వినిపింపవలసిన పాట ఏది, ప్రసంగము ఎన్ని నిమిషములు, మధ్యలో చదువవలసిన ప్రకటన ఏది అను వివరములన్నియు ఆ తెరమీదనే కనబడును. ఒకనాటి ఉదయము మత్స్యకారులకు వాతావరణ హెచ్చరిక చదువుచుండగా అది ఉన్నట్లుండి నల్లబడి, మూడు సెకండ్ల తరువాత ఏమియు ఎరుగనట్లు మరల వెలిగినది. ఇంట కూర్చున్నవారికి మూడు సెకండ్లు లెక్కలోనివి కావు. మైకు ముందు కూర్చున్నవారికి అది ఎంత దీర్ఘకాలమో చెప్పనలవి కాదు. గాలి గంటకు ఎన్ని కిలోమీటర్ల వేగముతో వీచునో చెప్పవలసిన చోటనే వాక్యము తెగినది. చదువుచున్నవారు అనుభవశాలి గనుక ఆ వాక్యమును మొదటినుండి మరల చదివి సర్దుకొనిరి. హెచ్చరికలను తప్పక కాగితముమీద అచ్చు తీసి చేతిలో ఉంచుకొనవలెనని ఆ సాయంకాలమే ఏర్పాటు చేసికొంటిమి. తెర మాత్రము నల్లబడుట మానలేదు.

అప్పుడు మేము చేసిన పని సాధారణముగా అందరును చేయునదే. మానిటరు చెడినదని దానిని తీసివేసి క్రొత్తది పెట్టితిమి. రెండవనాడే క్రొత్తదియు నల్లబడినది. వ్యాధి తెరమీద కనబడును గనుక వ్యాధిగ్రస్తము తెరయే యని తలచుటలో వింత లేదు. కార్యాలయమునకు అది ఒక చిన్న ఖర్చు. ఇంటిలో ఉన్నది ఒకటే కంప్యూటరు, అమ్మాయి పరీక్షకు దరఖాస్తు నింపుటకు రేపే గడువు అన్నప్పుడు, అప్పు చేసి తెచ్చిన క్రొత్త మానిటరు కూడ నల్లబడినచో ఆ ఇంటివారి అవస్థ వేరు. కనుక తెర నల్లబడుటలో ఎన్ని విధములున్నవో, ఏ విధమునకు కారణమెక్కడ వెదుకవలెనో తెలిసికొనుట మంచిది.

తెర వెలుగుటకు మూడు కావలెను. గోడలోని సాకెట్టునుండి విద్యుత్తు రావలెను. కంప్యూటరులోని గ్రాఫిక్స్ భాగమునుండి కేబుల్ ద్వారా బొమ్మ రావలెను. అద్దము వెనుక దీపము వెలుగవలెను. మనము సామాన్యముగా వాడు మానిటరులో బొమ్మకు స్వయముగా వెలుగు లేదు. వెనుకనున్న దీపపు కాంతి బొమ్మగుండా వచ్చి మన కంట పడును. ఈ మూటిలో ఏది తప్పినను మనకు కనబడునది నలుపే. అయినను నలుపునకును నలుపునకును భేదమున్నది.

మానిటరు చట్రము క్రింద ఒక చిన్న దీపముండును. తెరతోపాటు అదియు ఆరిపోయినచో విద్యుత్తు అందుటలేదని అర్థము. అది వెలుగుచుండగా తెరమీద ‘నో సిగ్నల్’ అను అక్షరములు కనబడినచో మానిటరు బ్రతికియే ఉన్నది, బొమ్మ రావటములేదు. దీపము వెలుగుచున్నది, అక్షరములును లేవు, తెర చీకటిగా ఉన్నది అన్నప్పుడు గదిలో దీపములార్పి టార్చిలైటును అద్దమునకు దగ్గరగా, ఏటవాలుగా పట్టి చూడుడు. బొమ్మ మసకగా, నీడవలె కనబడినచో బొమ్మ వచ్చినది కాని వెనుక దీపము వెలుగలేదు. ఈ మూడవదానికి మాత్రమే మానిటరును నిశ్చయముగా నిందింపవచ్చును.

మా తెర విషయములో చిన్న దీపము ఆరలేదు. రెండు మూడు సెకండ్లు నల్లబడి, తనంతట తానే వెలుగుచుండెడిది. ఇండ్లలో ఎక్కువగా కనబడునదియు ఈ జాతి నలుపే. దీనిని గూర్చి కొంత విపులముగా చెప్పవలసియున్నది.

సాధారణమైన తెరమీద అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలుండును. అనగా 20 లక్షల 73 వేల 600 చుక్కలు. సెకండునకు 60 మారులు ఈ చుక్కలన్నియు క్రొత్తగా దిద్దబడును. ఒక్కొక్క చుక్కకు మూడు రంగులు, ఒక్కొక్క రంగునకు ఎనిమిది బిట్లు. లెక్క వేసినచో సెకండునకు సుమారు 298 కోట్ల బిట్లు, చిటికెన వ్రేలంత లావులేని ఆ కేబుల్ గుండా పోవలెను. 4కె అని పిలువబడు తెరలకు దీనికి నాలుగు రెట్లు. మేజా వెనుక దుమ్ములో పడియుండి, కుర్చీ చక్రముల క్రింద నలుగుచుండు ఆ తీగను మనమెన్నడైన తలచుకొందుమా?

1987లో వచ్చిన వి.జి.ఎ. పద్ధతిలో రంగుల వెలుగులు విద్యుత్తు హెచ్చుతగ్గులుగా పోయెడివి. కేబుల్ చెడినచో బొమ్మకు నీడ పడుటయో, రంగు మారుటయో, అలలు కనబడుటయో జరిగెడిది; నలుపు మాత్రము అరుదు. మీడియం వేవ్ ప్రసారములను రాత్రివేళ దూరమునుండి విన్నవారికి ఇది పరిచితమే. గరగర యుండును, ధ్వని హెచ్చి తగ్గుచుండును, అయినను విషయము తెలియును. 2002లో రూపొందిన హెచ్.డి.ఎం.ఐ., ఆ తరువాత వచ్చిన డిస్‌ప్లే పోర్టు బొమ్మను అంకెల రూపమున పంపును. ఇందు చిన్న పొరపాట్లు కంటికి కనబడవు. బొమ్మ నిర్మలముగా ఉండును. పొరపాట్లు ఒక హద్దు దాటినంతనే బొమ్మ మొత్తము పోవును. పెద్దవానలో డిష్ టెలివిజను చూచువారికి ఇదియు పరిచితమే. అంతవరకు అద్దమువలె ఉన్న బొమ్మ ముక్కలై నిలిచిపోవును.

సంబంధము తెగిన వెంటనే కంప్యూటరును మానిటరును మరల పరిచయము చేసికొనవలెను. తానెవరో, ఎన్ని చుక్కలు, ఎంత వేగము తనకు చేతనగునో మానిటరు తెలుపును. అందుకు తగిన కొలతను కంప్యూటరు ఎన్నుకొనును. దొంగ ప్రతులు తీయకుండ రక్షణ గల చిత్రములైనచో రహస్య సంకేతముల మార్పిడి కూడ జరుగవలెను. ఈ తతంగమునకు పట్టు కాలమే ఆ రెండు మూడు సెకండ్లు. అనగా మనము చూచు నలుపు తెర మరణము కాదు, తెగిన మాటను మరల కలుపుకొను విరామము.

కనుక ఇట్టి నలుపునకు మొదట చూడవలసినది కేబుల్. రెండు కొనలను ఊడదీసి మరల గట్టిగా బిగింపుడు. సముద్రతీరపు ఊళ్లలో ఉప్పుగాలికి లోహపు మొనలు మసకబారుట కద్దు. ఒకటి రెండు మారులు తీసి పెట్టిన మాత్రమున బాగుపడిన మానిటర్లను మేమే చూచితిమి. అంతట కుదరనిచో కంప్యూటరు వెనుకనున్న మరియొక రంధ్రములో, ఆ తరువాత మరియొక కేబులుతో పరీక్షింపుడు. కేబుల్ ఎంత పొట్టిదైన అంత మేలు. మధ్యలో అతుకులు, మార్పిడి ముక్కలు లేకుండుట ఇంకను మేలు. బంగారుపూత గలదని ఎక్కువ వెల పెట్టనక్కరలేదు. ఆ పూత మొనలను తుప్పునుండి కాపాడునే గాని లోపలి తీగలను బాగుచేయదు.

డబ్బు ఖర్చులేని పరీక్ష మరియొకటి కలదు. సెట్టింగులలో తెర సెకండునకు 144 మారులు దిద్దబడునట్లున్నచో 60కి తగ్గింపుడు. 4కె కొలత ఉన్నచో 1920కి దింపుడు. నలుపు మానినచో కేబుల్ ఆ భారమును మోయలేకున్నదని ఇంచుమించు తేలినట్లే. ఆటలాడువారి కొరకై వేగము తనంతట మారునట్లు కొన్ని మానిటర్లలో ఒక సదుపాయముండును. మినుకుమినుకుమనుటకు అదియు హేతువు కావచ్చును గనుక దానిని ఆపి చూచుట మంచిది.

విద్యుత్తు సంగతి మీకు తెలియనిది కాదు. ఫ్రిజ్జి గాని, బావి మోటారు గాని తిరుగనారంభించిన క్షణముననే తెర ఆరుచున్నచో వేరుగ చెప్పనక్కరలేదు. వదులైన సాకెట్టు, నాలుగైదు ప్లగ్గులు క్రిక్కిరిసిన ఎక్స్‌టెన్షన్ బోర్డు, మానిటరు వెనుక గుచ్చు ఎడాప్టరు మొన, వీనిని చూచి, ఒక పూట గోడ సాకెట్టునకే నేరుగా తగిలించి పరీక్షించినచో చాలును.

కంప్యూటరు లోపలి కారణములలో ముఖ్యమైనది గ్రాఫిక్స్ డ్రైవరు. 2007లో ప్రజలకందిన విండోస్ విస్టా మొదలుకొని ఒక ఏర్పాటు ఉన్నది. గ్రాఫిక్స్ భాగము రెండు సెకండ్లవరకు బదులు పలుకకున్నచో విండోస్ దానిని ఆపి మరల నడిపించును. ఆ సమయమున తెర నల్లబడును. డ్రైవరు ఆగి తిరిగి కోలుకొన్నదని ఒక్కొక్కప్పుడు ప్రకటన కూడ వచ్చును. పెద్ద ఆటలు, వీడియో పనులు నడచునప్పుడే నలుపు వచ్చుచున్నచో, డ్రైవరు క్రొత్తగా మార్చిన దినమునుండియే వచ్చుచున్నచో ఇచ్చట వెదుకవలెను. ఆ భాగమునకు గాలి తగులనీయక పేరుకొన్న దుమ్మును కూడ చూడవలెను. తెర నల్లగానే నిలిచిపోయినచో విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి అను నాలుగు మీటలను ఒక్కసారి నొక్కినయెడల డ్రైవరు మరల మొదలగును. తెర పూర్తిగా నల్లబడక అదరుచున్నచో టాస్క్ మేనేజరును తెరచి చూడుడు. అదియు తక్కినవానితోపాటు అదరినచో దోషము డ్రైవరుది కావచ్చును. అది నిలకడగా ఉండి తక్కినవి అదరినచో ఏదో ఒక ప్రోగ్రాముది కావచ్చును.

ఇక మానిటరు స్వయముగా చెడుట. వెలిగించిన కొలది నిమిషములకే ఆరుట, వేడెక్కిన పిమ్మట కుదుటపడుట, వేసవిలో బాధ హెచ్చుట మొదలగునవి దాని లక్షణములు. విద్యుత్తును సవరించు భాగములోని కెపాసిటర్లు వేడికి క్రమముగా ఎండిపోవును. పది డిగ్రీల వేడి హెచ్చినచో వాని ఆయుర్దాయము సగమగునని ఇంజనీర్లు స్థూలముగా లెక్కింతురు. మన మే నెల సంగతి తలచినచో ఆ లెక్క అర్థమగును. చెడిన కెపాసిటరు వెల స్వల్పము; నేర్పరియైన మెకానిక్కు దానిని మార్చగలడు. మీరు మాత్రము మానిటరు వెనుక భాగమును విప్పవలదు. ప్లగ్గు తీసిన తరువాత కూడ లోపల ప్రమాదకరమైన విద్యుత్తు కొంతకాలము నిలిచియుండును.

తిరిగి మా తెర సంగతికి వత్తుము. క్రొత్త మానిటరు కూడ నల్లబడిన పిమ్మట మేము మరియొక తప్పు చేసితిమి. ఒకేనాడు డ్రైవరు మార్చి, సాకెట్టు మార్చి, సెట్టింగులును మార్చితిమి. నాలుగు దినములు తెర నిక్షేపముగా ఉన్నది. అయిదవనాడు మరల నల్లబడినది. ఒక్కొక్కటిగా మార్చి, ఒక్కొక్కదానికి రెండు మూడు దినములు వ్యవధి ఇచ్చియుండినచో ఏది పనికివచ్చినదో, ఏది రాలేదో తెలిసెడిది. ఇప్పుడు ఏమియు తెలియలేదు. అప్పుడు మా ఇంజనీరుగారు తెర ప్రక్కన ఒక నోటుపుస్తకము పెట్టి, నల్లబడిన ప్రతిసారి గంటయు నిమిషమును, ఆ క్షణమున గదిలో ఎవరేమి చేయుచుండిరో వ్రాయుమనిరి. ఇది మాకు కొంత హాస్యాస్పదముగా తోచినది.

వారము గడచునప్పటికి పుస్తకములో పదునాలుగు పద్దులు చేరినవి. వానిలో పదకొండు, డ్యూటీ మారు వేళలకు కొంచె మటునిటుగా ఉన్నవి. తక్కిన మూటియెదుట ‘ప్రక్కవారు లేచి బయటకు పోయిరి’ అని వ్రాసియున్నది. వాతావరణ హెచ్చరికనాడు కూడ ప్రక్క కుర్చీలోనివారు కాగితము తెచ్చుటకు లేచిన సంగతి అప్పుడు మాకు జ్ఞప్తికి వచ్చినది. ఇంజనీరుగారు ఆ కుర్చీలో కూర్చుండి చటుక్కున లేచిరి. తెర నల్లబడినది. మరల కూర్చుండి లేచిరి. మరల నల్లబడినది.

అది ఎత్తు హెచ్చించుటకు తగ్గించుటకు వీలుగా క్రింద గ్యాసు గొట్టముగల కుర్చీ. ఎయిర్ కండిషనరు గల గదిలో గాలి పొడిగా ఉండును. కూర్చున్నవారి బట్టలును కుర్చీ పరుపును ఒరసికొని విడివడునప్పుడు స్థిర విద్యుత్తు పుట్టి, కుర్చీలోని లోహపు భాగముల నడుమ కంటికి కనబడని నిప్పురవ్వగా దూకును. 1887లో హెర్ట్జ్ అను శాస్త్రజ్ఞుడు జర్మనీలోని కార్ల్‌స్రూహెలో రేడియో తరంగములను మొదట పుట్టించినది ఇట్టి నిప్పురవ్వతోనే. ఇంటిలో స్విచ్చి వేసినప్పుడు రేడియోలో టక్కుమను శబ్దము వినబడుటయు దీనివలననే. మా స్టూడియోలో కుర్చీ ఒక చిన్న ప్రసార కేంద్రమైనది. దాని ప్రసారమును ఆలకించినది మానిటరు కేబుల్. అది అయిదు మీటర్ల పొడవున గోడ చుట్టును తిరిగివచ్చిన సన్నని కేబుల్. పై కవచము పలుచన గనుక ఏరియల్ వలె పనిచేసినది. నాలుగు దినములు తెర బాగుండుటకు కారణము మేము చేసిన మార్పులేవియు కావు. ఆ దినములలో ముసురు పట్టి, ఎయిర్ కండిషనరు వేయలేదు. గాలిలో తేమ ఉన్నప్పుడు స్థిర విద్యుత్తు కూడదు.

కంప్యూటరును దగ్గరకు జరిపి, మంచి కవచము గల ఒకటిన్నర మీటరు కేబుల్ తగిలించితిమి. కుర్చీ మార్చలేదు, దానిలో కూర్చుండుట అందరికిని సుఖముగా ఉన్నది. ఇంజనీరుగారి నోటుపుస్తకములో పదునాలుగవ పద్దు తరువాత వ్రాయవలసిన అవసరము కలుగలేదు. చెడినదని తీసివేసి సామాను గదిలో పడవేసిన మొదటి మానిటరును గ్రంథాలయములో ధ్వనిముద్రికల పట్టిక చూచుకొనుటకు పెట్టుకొంటిమి. అది చక్కగా వెలుగుచున్నది.