రాతి మీద తడిసిన పారిస్

విశాఖ నుంచి అరకు మీదుగా డుంబ్రిగుడ వెళ్లే దారిలో బొర్రా గుహలు తగులుతాయి. అక్కడి సున్నపురాయి భూగర్భంలోని వేడికీ ఒత్తిడికీ ముతక స్ఫటికాలుగా మారింది. సన్నని గీతలు గీసి అచ్చు తీయడానికి అలాంటి రాయి పనికిరాదు. జర్మనీలోని జోల్న్‌హోఫెన్ గనుల సున్నపురాయి వేరు. సుమారు 15 కోట్ల ఏళ్ల కిందట ఉప్పునీటి మడుగుల్లో మెత్తటి బురద పేరుకుని ఏర్పడింది. ఆర్కియోప్టెరిక్స్ అనే ఆదిమ పక్షి ఈకల గుర్తులను సైతం పట్టి ఉంచినంత నునుపైన రాయి అది. రాతి అచ్చుల చరిత్ర ఆ రాతి మీదే మొదలైంది.

అలాయిస్ సెనెఫెల్డర్ నాటకాలు రాసేవాడు. వాటిని చవగ్గా అచ్చు వేసుకునే దారి వెతుకుతూ 1796లో మ్యూనిక్‌లో రాతితో ప్రయోగాలు చేశాడు. రెండేళ్లకు ఆయనకు దొరికిన పద్ధతే లిథోగ్రఫీ. అందులో చెక్కడం లేదు, పోత పోయడం లేదు. పని మొత్తం రసాయనానిదే.

నునుపు చేసిన రాతి మీద జిడ్డు పెన్సిల్‌తో బొమ్మ గీస్తారు. తర్వాత అరబిక్ గమ్‌లో కాస్త నత్రికామ్లం కలిపి పూస్తారు. మన తుమ్మబంకకు దగ్గరి చుట్టం ఆ గమ్. దానితో గీత ఉన్నచోట జిడ్డు రాతిని పట్టుకుని నిలుస్తుంది, ఖాళీ చోటు నీటిని పట్టుకుంటుంది. రాతిని తడిపి సిరా రోలర్ దొర్లిస్తే జిడ్డు సిరా గీతలకే అంటుతుంది. పైన కాగితం పరిచి ప్రెస్‌లో నొక్కితే బొమ్మ కుడిఎడమలు తారుమారై దిగుతుంది.

1837లో గోడెఫ్రాయ్ ఎంగెల్‌మన్ రంగుల పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. ఒక్కో రంగుకు ఒక్కో రాయి, ఒకే కాగితం అన్నిటి మీదా తిరగాలి. వెంట్రుకవాసి జరిగినా రంగులు ఒకదాని పక్కకు ఒకటి పొర్లుతాయి. 1894లో రవివర్మ బొంబాయిలో పెట్టిన ముద్రణాలయం ఈ పద్ధతితోనే దేవుళ్ల బొమ్మలను ఇంటింటికీ చేర్చింది.

చాలామంది ముద్రాపకులు ఎన్ని ఎక్కువ రాళ్లు వాడితే తైలవర్ణ చిత్రానికి అంత దగ్గరవుతామని చూశారు. పారిస్‌లో చిత్రకారుడు పియేర్ బొనార్ దానికి ఎదురు నడిచాడు. 1890లో అక్కడ జరిగిన జపాన్ చెక్క అచ్చుల ప్రదర్శన ఆయన తరం చూపునే మార్చింది. కళావ్యాపారి వొల్లార్ 1899లో ప్రచురించిన ఆయన సంపుటిలో పారిస్ వీధులు ఉన్నాయి. వాటిని రాళ్ల మీద అచ్చు తీసినవాడు ఓగ్యూస్త్ క్లో. సాయంత్రం వానలో తడిసిన వీధి, వంతెన, బులివార్డు, ఇంటి పెరడు కనిపించే ఆ బొమ్మల్లో రంగులు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. కాగితాన్ని ఖాళీగా వదిలిన చోటు కూడా వెలుతురవుతుంది. దూరం నుంచి చూస్తే జనం నడుస్తున్నట్టుంటుంది, దగ్గరికెళితే మచ్చలే. రాళ్లు తక్కువ కాబట్టి ప్రతి రంగూ రెండు మూడు పనులు చేయాల్సి వచ్చింది. బొనార్ గొప్పతనం అంతా ఆ పొదుపులోనే ఉంది.

1904లో అమెరికాలో ఐరా రూబెల్ అనే ముద్రాపకుడు లిథో ప్రెస్‌లో కాగితం పెట్టడం మరిచిపోతే సిరా రబ్బరు సిలిండర్‌కు అంటింది. తర్వాతి కాగితానికి వెనకవైపు అచ్చు మరింత చక్కగా పడింది. అలా రబ్బరు మీదుగా అచ్చు వేసే ఆఫ్‌సెట్ పద్ధతి వ్యాపార ముద్రణను లాక్కుంది. రాతి స్థానంలో లోహపు పలక వచ్చినా రసాయనం మాత్రం మారలేదు. డుంబ్రిగుడ బడిపిల్లల రంగుల పాఠ్యపుస్తకం నేటికీ నీటికీ జిడ్డుకీ పడని తగువుతోనే అచ్చవుతోంది.

రాయి కళాకారులకు మిగిలింది, వాళ్లకు అచ్చు తీసిపెట్టే నిపుణులు కరువయ్యారు. ఆ లోటు తీర్చాలని చిత్రకారిణి జూన్ వేన్ 1960లో లాస్ ఏంజెలెస్‌లో టామరిండ్ వర్క్‌షాప్ స్థాపించారు. 1970లో అది న్యూమెక్సికో విశ్వవిద్యాలయానికి మారింది. ధర్మపురిలో పుట్టి హైదరాబాద్, బరోడాలలో చదివిన దేవరాజ్ డాకోజీ అక్కడ శిక్షణ పొందారు. తర్వాత న్యూయార్క్‌లో రాబర్ట్ బ్లాక్‌బర్న్ వర్క్‌షాప్‌లో మాస్టర్ ప్రింటర్‌గా పనిచేశారు. గీత ముదురును బట్టి ఆమ్లం మోతాదు నిర్ణయించడం, రాళ్లన్నిటినీ ఒకే కాగితం మీద కుదర్చడం, ఒప్పుకున్నన్ని ప్రతులు ఒకేలా తీయడం ఆ ఉద్యోగం. ప్రతులు పూర్తయ్యాక రాతిని కార్బొరండం పొడితో అరగదీస్తారు. పాత బొమ్మ పోయి, రాయి కాస్త పలచనై, తర్వాతి చిత్రకారుడి బల్ల మీదికి వెళుతుంది.