ఒక కంప్యూటరు – రెండు వ్యవస్థలు

మా మదర్సా కార్యాలయపు కంప్యూటరులో విండోస్‌తో పాటు లినక్స్ కూడా ఉన్నది. ఆన్ చేయగానే రెండింటిలో ఏది కావాలో ఎంచుకోవాలి. వార్షిక పరీక్షల ముందు రోజున ప్రశ్నపత్రాలు ముద్రించబోతే ప్రింటరులో చలనం లేదు. అంతకు ముందు దానిని వాడిన విద్యార్థిని మందలించాము. కొత్త ప్రింటరు కొనడానికీ సిద్ధపడ్డాము. మేము లినక్స్‌లో ఉన్నామని గమనించిన ఆ విద్యార్థి, కంప్యూటరును విండోస్‌లో తిరిగి ప్రారంభించగానే కాగితాలు వరుసగా వెలువడ్డాయి.

వైరు కలిపేది యంత్రానికే అయినా, ప్రింటరుతో మాట్లాడేది ఆ సమయంలో నడుస్తున్న వ్యవస్థ. అందుకు కావలసిన డ్రైవరును ఒకదానిలో ఇన్‌స్టాల్ చేసినంత మాత్రాన రెండవదానికి అది తెలియదు. చాలా ప్రింటర్లను లినక్స్ తనంతట తానే గుర్తిస్తుంది. కొన్నింటికి తయారీదారు ఇచ్చే డ్రైవరు తప్పనిసరి. కనుక కొనక ముందే రెండింటిలోనూ పని చేస్తుందా అని విచారించుకోవాలి.

నెట్‌వర్కు సంగతీ ఇంతే. వైఫై పాస్‌వర్డును రెండు చోట్లా ఇవ్వాలి. విండోస్ ద్వారా ఇతర గదుల వారికి షేర్ చేసిన ప్రింటరు, లినక్స్ నడుస్తున్నంత సేపు వారికి అందదు. నేరుగా వైఫై రూటరుకు కలిసే ప్రింటరుతో ఈ చిక్కు ఉండదు.

బ్లూటూత్ హెడ్‌సెట్టు మరింత తికమక పెడుతుంది. జత కలిపేటప్పుడు కంప్యూటరు, హెడ్‌సెట్టు ఒక రహస్య సంకేతాన్ని భద్రపరచుకుంటాయి. హెడ్‌సెట్టు దృష్టిలో రెండు వ్యవస్థలూ ఒకే కంప్యూటరు. అందువల్ల లినక్స్‌లో మళ్ళీ జత కలిపితే పాత సంకేతం పోయి, విండోస్‌లో అది కలవదు. తనదైన యూఎస్‌బీ రిసీవరుతో వచ్చే కీబోర్డు, మౌసులకు ఈ ఇబ్బంది లేదు.

అన్నిటికంటె జాగ్రత్త వహించవలసినది ఫైళ్ళ విషయంలో. విండోస్‌లో ‘ఫాస్ట్ స్టార్టప్’ అమలులో ఉంటే, షట్‌డౌన్ చేసినా అది పూర్తిగా ముగియదు. అప్పుడు లినక్స్ ఆ డిస్కును చదవనిస్తుందే గాని, సాధారణంగా అందులో వ్రాయనివ్వదు. బలవంతంగా వ్రాస్తే ఫైళ్ళు పాడయ్యే ప్రమాదం ఉన్నది. కనుక విండోస్ నుండి లినక్స్‌కు మారేటప్పుడు ‘రీస్టార్ట్’ ఎంచుకోవాలి. లేదా ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపివేయాలి.

ఏ పరికరమైనా మొరాయిస్తే ముందుగా రెండవ వ్యవస్థలో పరీక్షించి చూడండి. అక్కడ పని చేస్తే లోపం పరికరానిది కాదు. ఇంట్లో దానిని చివరగా వాడిన పిల్లవాడిదీ కాదు. విచారించకుండా మందలించినందుకు ఆ విద్యార్థి ముందు మా పొరపాటును ఒప్పుకున్నాము.