చక్రం కలం

కాగితం నెత్తిన ‘ప్రచురణార్థం’. అడుగున కార్యదర్శి సంతకం. మధ్యన నాలుగు పేరాలు. ఊళ్లో ఆరుగురు విలేకరులుంటే ఆరు ప్రతులు కావాలి, జిల్లా అంతటికీ అయితే అరవై. టైపు మిషన్లో కార్బన్లు పెట్టి కొడితే కింది ప్రతుల్లో అక్షరాలు అలుక్కుపోతాయి. ప్రెస్సులో వేయిద్దామంటే సంఘం డబ్బాలో చందా సొమ్ము ఉండదు. ఆ ఇరుకులో చిన్న సంఘాలను దశాబ్దాల పాటు ఆదుకున్న యంత్రం సైక్లోస్టైల్.

దాని పుట్టుక డేవిడ్ గెస్టెట్నర్ అనే హంగరీవాడి విసుగులో ఉంది. వియన్నా స్టాక్ ఎక్స్ఛేంజిలో రాసిందే రాసి చేతులు నొప్పెట్టిన గుమాస్తా అతను. తర్వాత అమెరికాలో జపాన్ గాలిపటాలు అమ్ముకున్నాడనీ, ఆ కాగితమే దారి చూపిందనీ చెబుతారు. గాలిపటాల సంగతి ఎలా ఉన్నా, కాగితం గొప్పతనం నిజమే. పలచనిది, కానీ పొడవైన నారలు అల్లుకుని ఉంటాయి. దానికి మైనం పూసి, కొసన చిన్న పళ్ల చక్రమున్న కలంతో రాస్తే మైనంలో సన్నని చిల్లులు పడతాయి, సిరా వాటిగుండా దిగుతుంది. ఆ కలానికి 1881లో లండన్‌లో పేటెంటు వచ్చింది. గ్రీకులో కిక్లోస్ అంటే చక్రం, సైక్లోస్టైల్ పేరు అక్కడిదే. అంతకు ముందే, 1876లో, కాగితానికి చిల్లులు పొడిచే విద్యుత్ కలానికి ఎడిసన్ పేటెంటు పొందాడు. ఆ బాటలోనే షికాగోలో ఎ.బి. డిక్ ‘మిమియోగ్రాఫ్’ అమ్మాడు. అమెరికాకు ఆ పేరు అలవాటైంది, మనకు చక్రం పేరే మిగిలింది.

ఇక ‘ప్రచురణార్థం’ కాగితం సంగతి. తొలి పత్రికా ప్రకటనగా చెప్పుకునేది ఈ చక్రం కలం కంటే పాతికేళ్లు చిన్నది. 1906 అక్టోబరులో అట్లాంటిక్ సిటీ దగ్గర రైలు వంతెన మీంచి నీళ్లలో పడినప్పుడు, రైల్వే కంపెనీ తరఫున ఐవీ లీ రాసిచ్చిన వివరాలను న్యూయార్క్ టైమ్స్ ఉన్నదున్నట్టు వేసింది.

ఆ మైనం కాగితమే స్టెన్సిల్. దాన్ని కొట్టడం తెలిసినవాళ్ల పని. టైపు మిషన్లో రిబ్బన్ పక్కకు తప్పించి, అచ్చు నేరుగా మైనానికి తగిలేలా కొట్టాలి. మెల్లగా కొడితే అక్షరం పడదు. గట్టిగా కొడితే సున్న లోపలి ముక్క రాలిపోయి, కాగితం మీద నల్లటి బొట్టు మిగులుతుంది. గుండ్రాల తెలుగుకు ఈ గండం ఎక్కువే. తెలుగు మిషన్ లేనివాళ్లు ఇనుప మొనతో చేత్తో రాసేవాళ్లు. తప్పు పడితే ద్రవం పూసి, ఆరనిచ్చి, మళ్లీ కొట్టాలి. ఒక స్టెన్సిల్ అంటే ఒక ఫుల్‌స్కేప్ పేజీ. రెండో పేజీకి రెండో స్టెన్సిల్, రెండో ఖర్చు. ప్రకటన క్లుప్తంగా ఉండాలన్న పాఠం ఏ సబ్ ఎడిటరూ నేర్పనంత గట్టిగా ఈ మైనం కాగితమే నేర్పిందని నా అభిప్రాయం. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏం అడుగుతున్నారు అన్నవి మొదటి పేరాలోనే వచ్చేవి. అధ్యక్షుల వారి బిరుదులకు చోటుండేది కాదు!

స్టెన్సిల్ సిద్ధమయ్యాక యంత్రం పిడి తిప్పితే చాలు, కరెంటుతో పని లేదు. 1975–77 ఎమర్జెన్సీలో సెన్సారు పత్రికల నోరు నొక్కినప్పుడు, రహస్య కరపత్రాలు ఇలాగే తయారయ్యాయి.

1959లో జిరాక్స్ 914 నకలు యంత్రం వచ్చాక సైక్లోస్టైల్ వాడకం తగ్గుముఖం పట్టింది. పాత సంఘం ఆఫీసు బీరువాలో ఎక్కడైనా వాడేసిన స్టెన్సిల్ దొరికితే పారేయకండి. కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టుకోండి, ‘ప్రచురణార్థం’ నుంచి సంతకం దాకా చదువుకోవచ్చు.